తీరం వెంబడి పక్షుల లెక్క: తేలినీలాపురం నుంచి ఉప్పలపాడు దాకా

జనవరి 10, టెక్కలి - తేలినీలాపురం

ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడతారు. ఆసియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అని దాని పేరు. 1987లో మన ఉపఖండంలోనే మొదలైంది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ ఖండమంతా కలిపి చూసుకుంటే, మన దేశంలో ఆ పనిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) తోడుంటుంది. చెరువు గట్టు మీద నిలబడి లెక్కపెట్టేవాళ్లలో ఎక్కువమంది మాత్రం జీతానికి చేసేవాళ్లు కాదు. బ్యాంకు ఉద్యోగులు, డిగ్రీ పిల్లలు, రిటైరైన ఇంజనీర్లు, నాలాంటి బడిపంతుళ్లు. సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయని ఈసారి ఉత్తరాన మొదలుపెట్టి, పండగని దారిలోనే చేసుకుంటూ గుంటూరు దాకా దిగాను. మొన్ననే ఇల్లు చేరాను. మొహాలూ మాటలూ మరిచిపోకముందే రాసేస్తున్నాను.

టెక్కలిలో పొద్దున్నే ఇడ్లీ తిని (ప్లేటు 30 రూపాయలు, అల్లం పచ్చడి ఎంతడిగితే అంత) నౌపడ వైపు వెళ్లే ఆటో ఎక్కాను. డ్రైవరు నా మెడలోని బైనాక్యులర్స్ చూసి ఎక్కడికని అడగలేదు. "పిట్టల కాడికేనా" అన్నాడు, అంతే.

తేలినీలాపురంలో పక్షులు ఊరికి దూరంగా ఏ అడవిలోనో ఉండవు. ఊళ్లోనే, ఇళ్ల మీదికి వంగిన చింతచెట్ల మీదే గూళ్లు. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ. పెలికాన్, పెయింటెడ్ స్టార్క్ అని పుస్తకాల్లో ఉండేవి ఇవే. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని ఎగరేసుకుని మార్చి, ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయి. జనవరిలో పిల్లలు తల్లులంత ఉంటాయి, ఆకలి మాత్రం తల్లుల కంటే ఎక్కువ. గూడబాతు పిల్లల గోల ఊరి మొదట్లోనే వినిపించింది. పెద్ద కొంగలకి దాదాపు గొంతే ఉండదు, జంట కలిసినప్పుడు ముక్కులు టకటకలాడిస్తాయి. వాసన సంగతి కూడా చెప్పాలి. చేపల వాసన, రెట్ట వాసన కలిసిన ఘాటు. ఒక గంట గడిచాక ముక్కు అలవాటు పడుతుంది. ఆ ఊరివాళ్లు ఏటా ఆరేడు నెలలు దానితోనే బతుకుతారు.

రచ్చబండ దగ్గర ఒక ముసలాయన చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. నేను టీచర్నని తెలిసి, "లెక్కెట్టడానికొచ్చినారా పంతులమ్మా? మీకన్నా ముందు మాయమ్మ ఎట్టీది లెక్క" అన్నాడు. వినాయక చవితి వెళ్లిన ఎన్నో రోజుకి మొదటి పిట్ట దిగిందో వాళ్లమ్మ ఏటా గుర్తుపెట్టుకునేదట. తొందరగా దిగితే వానలు బాగున్నట్టు, ఆలస్యమైతే చెరువుల్లో నీళ్లు లేనట్టు. "పిట్టలు రాకపోతే ఆ యేడు మాకు గుబులే" అన్నాడు. నమ్మకం అనుకున్నా సరే, అందులో గట్టి పరిశీలన ఉంది. చెరువులూ బురదనేలలూ నిండితేనే చేపలుంటాయి, చేపలుంటేనే గూడు కడతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా మీద విరుచుకుపడ్డ సంగతి ఆయనే ఎత్తాడు. "సెట్లిరిగిపోనాయి. ఇంక రావనుకున్నాం. వచ్చీసినాయి." అని పైకి చూపించాడు.

జనవరి 11, తేలినీలాపురం

తెల్లవారకముందే చెట్ల కింద చేరాం. నేను, విశాఖ నుంచి వచ్చిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, అటవీశాఖ వాచర్ ఒకతను, ఎవరూ పిలవకుండానే వచ్చి కలిసిన ఎనిమిదో తరగతి కుర్రాడు. పెద్ద పక్షులు మేతకి లేచిపోకముందే మొదలుపెట్టాలి. ఒకరు గూళ్లు లెక్కపెడితే ఇంకొకరు పక్షుల్ని లెక్కపెడతారు. అదే చెట్టుని ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా లెక్కపెట్టి, తర్వాత పోల్చి చూసుకుంటారు. తేడా ఎక్కువొస్తే మళ్లీ మొదటికి. చెరువులో వేలకొద్దీ బాతులుంటే వేరే పద్ధతి. ముందు పదో, యాభయ్యో పక్షుల్ని విడివిడిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర పరుచుకున్నాయో కంటికి పట్టించుకుని, ఆ కొలతతో మిగతా గుంపంతా కొలుచుకుంటూ పోవాలి. పక్షులతో పాటు అక్కడి నీళ్ల సంగతీ ఫారంలో నింపాలి. నీళ్లున్నాయా, ఎండిందా, చెత్త పోస్తున్నారా, వలలు వేస్తున్నారా, మట్టి తవ్వుతున్నారా. నా దృష్టిలో ఆ భాగం పక్షుల అంకెతో సమానం. పక్షులు తగ్గిన ఏడాది కారణం వెతికేది అందులోనే.

చెట్లకి మేం నంబర్లు వేసుకున్నాం. కుర్రాడికి ఆ నంబర్లతో పని లేదు. ప్రతి చెట్టుకీ వాళ్ల ఊళ్లో ఒక పేరుంది, దాని యజమాని ఇంటిపేరుతోనో, పక్కనున్న నూతి పేరుతోనో. ఏ చెట్టు మీద ఏ కొమ్మ గూడు నిరుడు పడిపోయిందో కూడా చెప్పాడు. అమ్మాయిల్లో ఒకామె మా నంబరు పక్కనే వాడు చెప్పిన పేరూ రాసుకోవడం మొదలుపెట్టింది. వచ్చే ఏడాది ఇంకెవరొచ్చినా అదే చెట్టుని గుర్తుపట్టగలరు కదా.

ఎనిమిదిన్నర దాటాక ఎండ ఎక్కి, పక్షులు గిరికీలు కొడుతూ పైకి లేవడం మొదలైంది. లెక్క అప్పటికి ఒక కొలిక్కి వచ్చింది. మధ్యాహ్నం ఒకావిడ మమ్మల్ని ఇంటికి పిలిచింది. చోడి అంబలి, వంకాయ ఎండునెత్తళ్ల కూర, వేడన్నం. డబ్బివ్వబోతే కోపం తెచ్చుకుంది. ఆ ఇంటి పెరట్లో చింతచెట్టు నిండా గూళ్లే. అన్నం పెడుతూనే చెప్పుకొచ్చింది. బట్టలు ఆరేసుకోవడానికి లేదు. నూతి మీద రేకు కప్పుకోవాలి. చింతకాయ దులపడానికి మనసొప్పదు, ఒప్పినా రెట్ట పడ్డ కాయ ఎవరూ కొనరు. గూటిలోంచి పిల్ల పడితే కుక్కలు లాక్కుపోకుండా కాపలా కాసి, వాచర్‌కి అప్పజెప్పాలి. "ఏటి సేస్తాం అమ్మా, పురిటికొచ్చిన ఆడపిల్లని పొమ్మంటావా" అంది. 2022 జనవరి ప్రాంతంలో ఇక్కడ గూడబాతులు చాలా చచ్చిపోయాయి, పొట్టలో పురుగులే కారణమని తేల్చారు. ఆ రోజుల్లో పొద్దున తలుపు తీయాలంటేనే భయమేసేదని చెబుతూ ఆవిడ కాసేపు ఆగిపోయింది.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో ఇవే పక్షులు, ఇలాగే ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. అక్కడ చెట్టు యజమానులకి అటవీశాఖ పరిహారం ఇస్తుంది. ఊరి కుర్రాళ్లే ఒక బృందంగా ఏర్పడి, పడిపోయిన పిల్లల్ని సాకుతారు. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివాళ్లు కూడా కలిసి కాపాడుకునే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊరు చూపించే ప్రేమని మెచ్చుకుంటూ ఆ ప్రేమకయ్యే ఖర్చుని ఊరికే వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒక చింతచెట్టు ఏడాది కాపు ఎంతో పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి తెలుసు.

బయల్దేరేటప్పుడు రచ్చబండ ముసలాయన ఆపాడు. "ఎన్నున్నాయేటి?" అనడిగాడు. నోటుబుక్కు తీసి చెప్పాను. నిరుటి కంటే ఎక్కువా తక్కువా అన్నాడు. నిరుటి లెక్క నా దగ్గర లేదు, అది ఎక్కడో కంప్యూటర్లో ఉంది. "ఏటేటా ఎవులో ఒకలు లెక్కెట్టుకుని ఎల్లిపోతారు. మాకెవులూ సెప్పరు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట మాత్రం దారంతా నాతోనే వచ్చింది.

జనవరి 12, నౌపడ ఉప్పుమడులు

పొద్దున పొగమంచు. ఆటో డ్రైవరు ఒక గట్టు ముందే తిరిగిపోవడంతో ఉప్పుమడుల మధ్య దారి అయిపోయిన చోట తేలాం. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. మడి తొక్కుతున్న నలుగురు ఆడవాళ్లు పని ఆపి వచ్చి, బండిని వెనక నుంచి ఎత్తి తిప్పిపెట్టారు. ఉప్పు గీయడానికి ముందు మడి అడుగు గట్టిపడేదాకా కాళ్లతో తొక్కాలి. ఆ ఉప్పునీళ్లలో పాదాలు ఎలా అవుతాయో వాళ్ల మడమలు చూస్తే తెలిసింది.

తప్పిన దారిలోనే మంచి లెక్క దొరికింది. నీళ్లు ఎక్కించిన ఒక మడిలో పొడుగు ఎర్రకాళ్ల ఉల్లంకులు (నీటి అంచున మేసే పక్షులు), పక్క మడిలో చిన్నా చితకా ఉల్లంకుల గుంపు. అరగంట నిలబడి రాసుకున్నాను. ఆడవాళ్లలో ఒకామె నా స్కోపులో (దూరంలో ఉన్నవి చూసే దుర్భిణిలో) చూసి, "దీని కంట్లో నేను కనబడతన్నాను" అని మిగతావాళ్లని కేకేసింది. ఒక్కొక్కరే వచ్చి చూశారు. ఈసారి అడగకముందే లెక్క చెప్పాను. రోడ్డు మీద తేగల కట్ట 40 రూపాయలకి కొని, ఉడికినవి ఒలుచుకు తింటూ రైలెక్కాను.

జనవరి 13, కాకినాడ - కుంభాభిషేకం

కాకినాడ పక్కన కుంభాభిషేకం అనే చోట సముద్రం వెనక్కి తగ్గితే మైళ్ల మేర బురద బయటపడుతుంది. ఆవల కోరింగ మడ అడవులు. ఇక్కడ లెక్కంతా సముద్రం చేతిలోనే ఉంటుంది. ఆటులో పక్షులు బురదంతా చెదిరిపోయి పురుగులు ఏరుకుంటాయి, అప్పుడు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. పోటు ఎక్కేకొద్దీ వాటికి నిలబడే చోటు తగ్గి, ఇసుక దిబ్బ మీదికి గుంపుగా చేరతాయి. ఆ కాస్త సేపే మనకి దొరికేది.

మమ్మల్ని దిబ్బ దాకా తీసుకెళ్లిన పడవ మామకి ఏ పట్టికా అక్కర్లేదు. తిథి చెబితే పోటు వేళ చెప్తాడు. పడవ దిగాక మోకాలి లోతు బురద. చెప్పులు చేతిలో పట్టుకుని, మామ ఎక్కడ అడుగేస్తే అక్కడే అడుగేస్తూ నడిచాం. పక్షులకి ఎదురుగా వెళ్లకూడదు, పక్కగా, వంగి, ఆగి ఆగి వెళ్లాలి. గుంపు ఒక్కసారి లేచిందంటే వాటికి దండగ, మన లెక్కా పోయినట్టే. శీతాకాలం తిన్న తిండే వాటికి తిరుగు ప్రయాణంలో పెట్టుబడి.

తేలినీలాపురంలో అందరూ గూడబాతుల్ని సైబీరియా పక్షులన్నారు. పేపర్లు కూడా అలాగే రాస్తుంటాయి. నిజానికి మన గూడబాతు దక్షిణ, ఆగ్నేయాసియాలు దాటి పోదు, సైబీరియా మొహం అది ఎన్నడూ చూడలేదు. నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి ఈ బురదలో ఉన్నాయి. గుప్పిట్లో పట్టేంత కర్ల్యూ శాండ్‌పైపర్ ఆర్కిటిక్ తీరంలో గుడ్లు పెడుతుంది. గ్రేట్ నాట్ గూడు కట్టేది సైబీరియా ఈశాన్య కొండల మీద, అది ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉంది. రెండూ బూడిదరంగులో, మట్టిలో కలిసిపోయి ఉంటాయి. ఫొటోకి అందంగా పడవు, చూడ్డానికని బస్సులేసుకుని ఎవరూ రారు. వీటి గురించి మాట్లాడాల్సింది ఎంతో ఉంది. ఈ బురద పోతే ఇంత దూరం వచ్చిన పక్షికి ఇంకో చోటు దొరకడం కష్టం.

దిబ్బ చివర నల్లటి టోపీ, నారింజరంగు ముక్కుతో ఇండియన్ స్కిమ్మర్లు కూర్చుని ఉన్నాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. నీళ్లని ఆ కింది ముక్కుతో కోసుకుంటూ ఎగిరి చేపని పడతాయి. ప్రపంచంలో ఇవి మిగిలినవే తక్కువ. నదుల మధ్య ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. డ్యాముల వల్ల నీళ్లు తగ్గి తిన్నె ఒడ్డుకి కలిసిపోతే కుక్కలూ పశువులూ గూళ్ల మీదికొస్తాయి. చంబల్ నది ఒడ్డున బీఎన్‌హెచ్‌ఎస్ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లనే గూళ్ల కాపలాకి పెట్టింది. ఎండాకాలం అక్కడెవరో రైతు ఇసుకలో కూర్చుని గుడ్లు కాస్తేనే ఇక్కడ జనవరిలో మనం లెక్కపెట్టడానికి పక్షి ఉంటుంది.

మామ స్కిమ్మర్లని అడక్కుండానే చూపించాడు. అవి ఏ దిబ్బ మీద ఏ నెలలో ఉంటాయో, పోయినేడాది తుఫానుకి ఏ దిబ్బ జరిగిందో చెప్పాడు. మా బృందంలో పెద్దాయన ఒకరు వాటినన్నిటినీ చేతిపటం గీసుకుని రాసుకున్నారు. రాత్రి కాకినాడలో గొట్టం కాజా పావుకిలో 80 రూపాయలకి కొని మామకొక పొట్లం, మాకొక పొట్లం. బురద ఒళ్లంతా పట్టి, గోళ్లలోంచి వదల్లేదు.

జనవరి 14 నుంచి 16, పండగ

సంక్రాంతికి మా కొలీగ్ వాళ్ల పుట్టింట్లో, కోనసీమలో ఆగాను. పండగ సంగతులు రాస్తే తెమలవు గనక ఒక్కటే రాస్తాను. ఆ ఇంటి చూరుకి, ఊరి గుడి మండపానికీ వరి కంకుల కుచ్చులు కట్టారు, పిచ్చుకల కోసం. కొత్త ధాన్యం ఇంటికొచ్చాక పిట్టకి దాని వాటా. ఆ ఇంటి బామ్మగారు కుచ్చు అల్లడం నాకు నేర్పారు. కంకుల్ని తడిపి, మూడు పాయలుగా తీసి, గింజ రాలకుండా బిగించాలి.

పిచ్చుకలు పూర్తిగా పోయాయని అందరూ అంటుంటారు. దేశవ్యాప్తంగా జనం రాసి పంపిన జాబితాలన్నీ కలిపి 2020లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక వచ్చింది. పిచ్చుక పెద్ద నగరాల్లో తగ్గింది గానీ, దేశం మొత్తం మీద నిలకడగానే ఉందని అందులో తేలింది. 2023 నివేదికలో 942 జాతుల్ని పరిశీలించారు. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు రాసిన మూడు కోట్ల నమోదులు దానికి ఆధారం. 178 జాతుల్ని వెంటనే పట్టించుకోవాల్సినవిగా గుర్తించారు. అంతా ఈబర్డ్ అనే ఇంటర్నెట్ వేదిక మీద చేరిన లెక్క. అమెరికాలో కార్నెల్ పక్షి పరిశోధనశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో దాన్ని మొదలుపెట్టాయి.

అందులో ఒక నియమం నాకు చాలా ఇష్టం. కనీసం పావుగంట నిలబడి, కనబడ్డవీ వినబడ్డవీ అన్నీ రాయమంటారు. కాకిని వదిలేయొద్దు, గోరింకని వదిలేయొద్దు. అరుదైనవే రాస్తే మామూలువి ఎప్పుడు తగ్గిపోయాయో ఎవరికీ తెలియదు. ఎవరైనా ఆ చోటికీ ఆ కాలానికీ పొసగని పక్షిని రాస్తే, ఆ ప్రాంతం తెలిసిన స్వచ్ఛంద పరిశీలకుడు ఒకరు ఆధారం అడుగుతారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి నేనూ కదల్లేదు. మినపగారెలూ కోడికూరా తిని, అరుగు మీద కూర్చుని, బామ్మగారితో కలిసి పావుగంట జాబితా రాశాను. నాకు కనబడనివి ఆవిడకి వినబడ్డాయి. జెముడుకాకి ఎక్కడుందో కూతను బట్టి చెప్పారు. జాబితా చదివి వినిపిస్తే, "గుడ్లగూబని రాయలేదేం? రాత్రి కూసింది" అన్నారు. ఆ పావుగంటలో కూస్తేనే రాయాలని చెబితే, రాత్రి మళ్లీ కూర్చుందాం పదమన్నారు. కూర్చున్నాం. కూసింది. దానికి వేరే జాబితా పెట్టాం.

జనవరి 17, కొల్లేరు - ఆటపాక

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఇందులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లని ప్రభుత్వం తెగ్గొట్టించింది. ఇంత జరిగాక కూడా కైకలూరు నుంచి లోపలికి వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చెరువులూ గట్లే. ఏది సరస్సో ఏది చెరువో కొత్తవాళ్లకి తెలియదు. మేం వెళ్లాల్సిన గట్టు దాటిపోయి, ఒక పాకల గుంపు దగ్గర ఆగి దారి అడగాల్సొచ్చింది.

అడిగింది ఒక చెరువు కాపలాదారుని. చేతిలో టపాసుల సంచి. నీటికాకులూ గూడబాతులూ చెరువు మీద దిగితే పేల్చి తోలడం అతని పని. రాత్రీ పగలూ అక్కడే. భార్యా, చంటిపిల్లా ఆ పాకలోనే. పక్షుల లెక్కకొచ్చామని చెబితే మొహం ముడుచుకుంటాడనుకున్నాం. మమ్మల్ని కూర్చోబెట్టి టీ పెట్టించాడు. ఏ పక్షి ఏ వేళకొస్తుందో, ఏది శబ్దానికి బెదురుతుందో, ఏది బెదరదో అతనికి తెలిసినంత మాకెవరికీ తెలియదు. "నాకు వాటి మీద పగ లేదండి. చేప పోతే ఓనరు నా జీతంలో కోస్తాడు" అన్నాడు. పక్షిని కాపాడమని ఈ మనిషికి చెప్పే హక్కు నాకు లేదనిపించింది. చెప్పాల్సింది సరస్సుని చెరువులుగా మార్చి లాభం తీసుకునేవాళ్లకి.

ఆటపాకలో గూడబాతుల కోసం నీళ్ల మధ్య ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. చెట్లు ఏళ్ల తరబడి రెట్ట పడి మాడిపోతుంటే, గూళ్లకి ఆధారం కావాలని పెట్టినవి. పడవ దూరంగా ఆపించి లెక్కపెట్టాం. స్టాండు మీద గూళ్లు అరల్లో సర్దినట్టుంటాయి కాబట్టి, చింతచెట్టు కంటే ఇక్కడ లెక్క తేలిక. ఒక్కో స్టాండుని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి.

కొల్లేరు ప్రాంతపు గూడబాతుల కాలనీని 1946లో గుర్తించి, 1949లో బీఎన్‌హెచ్‌ఎస్ పత్రికలో వివరంగా రాసినాయన కె.కె. నీలకంఠన్. కేరళ మనిషి, వృత్తికి ఇంగ్లీషు మాస్టారు. ఆ తర్వాత ఆ కాలనీ చెదిరిపోయింది, చాలా ఏళ్లకి మళ్లీ పక్షులొచ్చాయి. ఆయన అప్పుడు తీరికచేసుకుని రాసి ఉండకపోతే, ఇక్కడ ఏముండేదో, ఏం పోయిందో చెప్పడానికి మనకి ఆధారం ఉండేది కాదు. పంతులుగా నాకది గర్వంగా ఉంది.

కైకలూరులో మధ్యాహ్నం మూడింటికి భోజనం దొరికింది. కొరమేను పులుసు, అన్నం, పెరుగు. 200 రూపాయలు. పులుసు పోయించుకుని మళ్లీ పోయించుకున్నాం.

జనవరి 18, ఉప్పలపాడు

గుంటూరు నుంచి ఆటోలో కాసేపే. ఊరి మధ్య చెరువు, చెరువులో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద, ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. ఒకప్పుడు ఊరి అవసరాలకి వాడుకున్న చెరువుని పక్షులకి వదిలేశారు. సిమెంటు రోడ్డు, అంగన్‌వాడీ, కిరాణా కొట్టు, మధ్యలో ఇంత పెద్ద పక్షుల కాలనీ. గట్టు మీద నిలబడితే చాలు, స్కోపు కూడా పెద్దగా అక్కర్లేదు.

ఇక్కడ చిక్కు వేరు. ఒకే చెట్టు మీద నాలుగు జాతులు. ముందు ఒక జాతినే పట్టుకుని చెరువంతా తిరగాలి, తర్వాత రెండోది. గూడబాతులయ్యేసరికి నడినెత్తికి ఎండొచ్చింది. గట్టు పక్క ఇంట్లో మిరపకాయలు తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు మజ్జిగ పంపించారు. తర్వాత వాళ్లే వచ్చారు. ఒకామె, "ప్రతి ఏడూ వస్తారు గదా మీవాళ్లు. మా చెరువులో ఎన్నున్నయ్యో మాకు చెప్తే ఏం పోయింది?" అంది. ఊరు మారింది, యాస మారింది, అడిగింది మాత్రం తేలినీలాపురం ముసలాయన అడిగిందే.

ఆ పూట మేం చేసిన పని చెప్తాను. పక్షి పక్షికీ వచ్చిన లెక్కని పెద్ద కాగితం మీద తెలుగులో రాసి, తేదీ వేసి, ఇది మొదటి లెక్క మాత్రమేనని కింద రాసి, చెరువు దగ్గర గోడకి అంటించాం. పేర్లు వాళ్లు పిలిచేవే రాశాం. జనం గుమిగూడారు. ఒకాయన నీటికాకులు ఇంకా ఎక్కువుండాలని వాదించాడు, సాయంత్రం గూళ్లకి తిరిగొచ్చే వేళ రమ్మన్నాడు. వెళ్లాం. ఆయన చెప్పిందే నిజం. పొద్దున మేతకి పోయినవన్నీ చీకటి పడే ముందు వరసలు వరసలుగా దిగాయి. కాగితం మీది అంకె కొట్టేసి, పక్కన సాయంత్రం లెక్క రాసి, ఎవరు చెప్పగా దిద్దామో ఊరివాళ్ల ముందే చెప్పాం. ఫారంలో రెండు వేళలూ విడివిడిగా వేశాం.

ఇదేమీ పెద్ద ఖర్చు పని కాదు. కాగితం, స్కెచ్ పెన్ను, జిగురు కలిపి 60 రూపాయలైంది. దేశంలో పక్షుల ఊళ్లు ఎన్ని ఉన్నాయో అన్నింటిలోనూ గోడలున్నాయి. లెక్క పైకి పంపడంతో పాటు ఊరికీ చెప్పడం తప్పనిసరి చేయాలని మా జిల్లా సమన్వయకర్తకి రాశాను. తేలినీలాపురం పాత ఏళ్ల అంకెలు కూడా ఆయన దగ్గరే అడిగాను. రాగానే, ఆ ఎనిమిదో తరగతి కుర్రాడి బడి హెడ్మాస్టరుకి పంపుతాను. ముసలాయనకి చదివి వినిపించే పని వాడిది.

ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ వస్తోంది. దానికి ఏ అర్హతా అక్కర్లేదు, పావుగంట తీరిక చాలు. బడులూ కాలేజీల కోసం అదే రోజుల్లో క్యాంపస్ బర్డ్ కౌంట్ కూడా ఉంటుంది. మా బడి పిల్లలతో ఈసారి మొదలుపెడుతున్నాం. ఆరు, ఏడు తరగతులు పొద్దున ప్రార్థనకి ముందు, ఎనిమిది, తొమ్మిది సాయంత్రం గంట కొట్టాక. లెక్క రాయడానికి నోటీసు బోర్డులో సగం ఖాళీ చేయించాను.